ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఒక్క రోజు: మెట్లు తప్పించుకునే దారి చెప్పగలరా?

అమ్మకు మోకాళ్ల నొప్పి. పార్ట్‌డ్యూ స్టేషన్‌లో దిగి, మెట్రో బి ఎక్కి, సాక్స్‌ గాంబెట్టాలో డి లైన్‌కి మారి వ్యూ లియోన్‌ చేరతాం. అక్కడి నుంచి తాడుతో లాగే కొండరైలు ఫ్యునిక్యులర్‌లో ఫుర్వియేర్‌ కొండ మీది బసిలికాకు (పెద్ద చర్చికి). క్రీ.పూ. 43లో రోమన్లు ఊరు కట్టిన చోటు అదే, వదులుకోలేను. రోమన్ థియేటర్ చూశాక దిగువనున్న మినిమ్ స్టేషన్‌లో రెండో ఫ్యునిక్యులర్ ఎక్కితే కొండ నడిచి దిగే పని ఉండదు.

థియేటర్ రాతిమెట్లు తాకకుండా మినిమ్‌కు వాలుదారి ఉందా? సెన్‌జాన్ వీధి 54వ నంబరు తలుపు నుంచి బఫ్ వీధి 27 దాకా సాగే త్రాబూల్ (ఇళ్ల లోపలి నుంచి వెళ్లే నడవాదారి) మధ్యాహ్నం కూడా తెరిచి ఉంటుందా? అవి జనం నివసించే ఇళ్లు కదా, తలుపు మూసి ఉంటే బెల్ కొట్టి ఇబ్బంది పెట్టదలచుకోలేదు. రోన్, సోన్ నదులు కలిసే కొనకు సాయంత్రం వెళ్లాలా, మానేయాలా? నడిచి చూసినవాళ్లు చెప్పండి, దయచేసి.