40/2, టికెట్ 60, 210/3: ఏ పనికి ఏ దారం, ఏ సూది?

కుట్టుయూనిట్_నల్లగొండ:

అందరికీ నమస్తే. మా దగ్గర సింగిల్ నీడిల్ పవర్ మిషన్లు మూడు (జూకీ 8700 తరహావి, మీడియం రకం), గుడ్డ అంచు కుట్టే మూడు దారాల ఓవర్‌లాక్ ఒకటి ఉన్నయి. రెండు రకాల పని నడుస్తుంది. ఒకటి స్కూల్ యూనిఫాంలు, షర్టు ప్యాంటు రెండూ. రెండోది కొయ్యలగూడెం ఇక్కత్ కాటన్‌తో భుజం బ్యాగులు. బ్యాగుకు కాన్వాస్ అస్తరు, ఒకటిన్నర అంగుళం నివారు పట్టీ, అడుగున రెగ్జిన్ ముక్క పడుతయి. అన్నిటికీ 40/2 స్పన్ పాలిస్టర్ (పొట్టి పీచుతో వడికిన) దారం, 14 నంబర్ సూదే వాడుతున్నం.

పట్టీ జాయింటు కాడ దారం నిలుస్తలేదు, బరువు పడితే తెగుతుంది. షర్టు ముందు పట్టీ మీద, కాలరు మీద ముడుతలు వస్తున్నయి, ఇస్త్రీ చేసినా పోతలేవు. దొడ్డు దారం కావాలని అడిగితే ఒక షాపులో 20/2 ఇచ్చిండ్రు, ఇంకో షాపులో టికెట్ 60, మరో దగ్గర 210/3 నైలాన్. ఇందులో ఏది దేనికన్నా దొడ్డు? మా మిషన్ల మీద ఏది నడుస్తది? సూది ఏం మార్చాలె?

మెకానిక్_పాలమూరు:

ముందు ఆ నంబర్ల చిక్కు విప్పుకుందాం, మిగతాది సులువు. మీకు మూడు షాపుల్లో చెప్పినవి మూడు వేర్వేరు లెక్కలు.

20/2, 40/2 అనేవి కాటన్ కౌంటు లెక్క. మొదటి అంకె నూలు సన్నదనం, రెండోది ఎన్ని పోగులు పేనారో. ఇందులో మొదటి అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 210/3 అనేది డెనియర్ లెక్క. ఒక్కో పోగు 9000 మీటర్లకు 210 గ్రాములు, అలాంటివి మూడు. ఇక్కడ అంకె పెరిగితే దారం దొడ్డవుతుంది. మధ్యలో గీత రెండిటికీ ఒకటే, అర్థం మాత్రం తలకిందులు. చాలామంది పడిపోయేది ఇక్కడే. టికెట్ మూడో లెక్క, అందులో కూడా పెద్ద అంకె అంటే సన్న దారమే.

అన్నిటినీ టెక్స్‌లోకి మార్చుకోండి. 1000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని టెక్స్. కౌంటు అయితే 590ని మొదటి అంకెతో భాగించి పోగుల సంఖ్యతో గుణించాలి. 40/2 అంటే సుమారు 30 టెక్స్, 30/2 అంటే 40, 20/2 అంటే 59, 20/3 అంటే 88. డెనియర్ అయితే గుణించి 9తో భాగించాలి: 210ని 3తో గుణిస్తే 630, దాన్ని 9తో భాగిస్తే 70 టెక్స్. టికెట్ అయితే 3000ని టికెట్ నంబర్‌తో భాగించాలి: టికెట్ 60 అంటే 50, టికెట్ 40 అంటే 75. సింథటిక్ దారాలకే ఈ టికెట్ లెక్క, కాటన్ దారం టికెట్‌కు ఇది పనిచేయదు. ఫ్యాక్టరీని బట్టి నాలుగైదు టెక్స్ అటూఇటూ ఉంటుంది.

అంటే మీకిచ్చిన వాటిలో టికెట్ 60 సన్నది, 20/2 దానికన్నా దొడ్డు, 210/3 అన్నిటికన్నా దొడ్డు.

ఇక సూది. 14/90 అని రాసి ఉంటే 90 అనేది సూది కాడ మందం, మిల్లీమీటర్‌లో నూరో వంతుల్లో. అంటే 0.9 మిల్లీమీటర్. 20–24 టెక్స్ దారానికి 9 నుంచి 11, 30 టెక్స్‌కు బట్టను బట్టి 11 లేదా 14, 40కి 14 లేదా 16, 60కి 16 లేదా 18, 70కి 18, 90కి 19 నుంచి 21. 135 దాటితే 22, కానీ అది మీ మిషన్ పని కాదు. అనుమానం ఉంటే మూరెడు దారం సూదిలోకి ఎక్కించి, దారాన్ని ఏటవాలుగా బిగించి పట్టుకోండి. సూది తన బరువుకు తాను నింపాదిగా జారితే సరైన జోడీ. ఇరుక్కుంటే సూది చిన్నది. తగలకుండా సర్రున పడిపోతే పెద్దది.

మీ మీడియం రకం మిషన్ మీద 60 టెక్స్ హాయిగా నడుస్తుంది. 70 వరకు సర్దుకుని నడపొచ్చు. అంతకు మించితే 8700 హెచ్ లాంటి హెవీ రకమో, వాకింగ్ ఫుట్ (పై పాదం కూడా గుడ్డను ముందుకు నడిపే) మిషనో కావాలి. మోటరు బలం చాలదని కాదు. బాబిన్ కేస్‌ను (కింది దారం ఉండే డబ్బీని) తిరగకుండా ఆపే వేలు లాంటి ముక్క దగ్గర సందు సన్నగా ఉంటుంది, ప్రతి కుట్టుకూ పై దారం అందులోంచి దూరి రావాలి. దొడ్డు దారం అక్కడ పట్టేసి టిక్కు టిక్కుమంటూ తెగుతుంది.

సంఘంకుట్లు_దేవరకొండ:

అక్క/అన్న, బ్యాగుల సంగతి మెకానిక్ అన్న చెప్పిండు, యూనిఫాం సంగతి నేను చెప్త. ముడుతలు టెన్షన్ వల్లనే అనుకొని అందరు స్క్రూ తిప్పుతరు. సగం కేసుల్లో కారణం అది కాదు. షర్టు గుడ్డ ఒత్తుగ నేసి ఉంటది. దాంట్ల దొడ్డు దారం దూరితే నేత పోగులు పక్కకు జరగడానికి జాగ లేక గుడ్డ ఉబ్బుతది. అందుకే ఇస్త్రీకి పోదు. దారం సన్నగ చెయ్యాలె, సూది సన్నగ చెయ్యాలె, కుట్లు కొంచెం దూరం చెయ్యాలె. షర్టుకు 50/2 (24 టెక్స్), 11 నంబర్ సూది పెట్టుండ్రి. అంగుళానికి 14 కుట్లు వేస్తుంటే 11కు దింపుండ్రి. అప్పటికి తగ్గకపోతే అప్పుడు టెన్షన్.

60/3 దొరికితే కాలరు పైకుట్టుకు అది మంచిది. లెక్కకు 40/2 అంత దొడ్డే (30 టెక్స్) గానీ మూడు పోగులది గుండ్రంగ ఉంటది, కుట్టు సాఫుగ కనిపిస్తది. ధర ఎక్కువ, అందుకని అన్ని కుట్లకు అవసరం లేదు.

ప్యాంటుకు 30/2, 14 సూది. సీటు కుట్టు కాడ పిల్లలు కూర్చుంటే లాగుతది, లాక్‌స్టిచ్ (పై దారం, కింది దారం ముడిపడే మామూలు కుట్టు) సాగదు గనుక పుటుక్కున తెగుతది. దారం దొడ్డు చేస్తే ఇది పోదు. చైన్‌స్టిచ్ (గొలుసు లెక్క సాగే కుట్టు) మిషన్ ఉన్నోళ్లు అది వేస్తరు. లేనోళ్లు సీటు కాడ గుడ్డను కొంచెం సాగదీసి పట్టి, అంగుళానికి 11–12 కుట్లు పెట్టి, అదే గీత మీద రెండోసారి కుట్టాలె. ఓవర్‌లాక్‌కు 60/2 చాలు, అక్కడ దొడ్డు దారం పెడితే అంచు గట్టిపడి పిల్లలకు గీరుతది. ఇంకోటి, ఓవర్‌లాక్ దారం బాగ తింటది. మీటరు అంచుకు 14 మీటర్ల దాక పోతది, లాక్‌స్టిచ్‌కు మీటరుకు రెండున్నర నుంచి మూడు మీటర్లే.

ఇక్కత్ కాటన్‌ను కోసే ముందు తడిపి ఆరేసుకోండ్రి. పాలిస్టర్ దారం కుంగదు, గుడ్డ కుంగుతది. మొదటి ఉతుకులనే కుట్టు పొడుగునా ముడుత పడ్డదంటే మిషన్ తప్పు కాదు.

కుట్టుయూనిట్_నల్లగొండ:

బాగా అర్థమైంది. షర్టుకు 50/2, 11 సూది పెట్టి చూస్తే ముడుత చాలా తగ్గింది. బ్యాగు కోసం ఒక మిషన్‌కు 18 సూది, 210/3 పెట్టినం. కింది వైపు దారం లూపులు లూపులుగా వస్తుంది, నివారు మీద కుట్టు జంప్ అవుతుంది, అప్పుడప్పుడు టక్‌మని సౌండ్ వస్తుంది. బాబిన్‌లో పాత 40/2నే ఉంది. ఇంకో మాట: రైస్ మిల్లుల్లో బస్తాలు కుట్టే కోన్ దారం చవకగా దొరుకుతుంది, అది బ్యాగులకు పనికొస్తదా?

మెకానిక్_పాలమూరు:

టక్‌మని వస్తే వెంటనే ఆపండి. కింద తిరుగుతూ పై దారాన్ని పట్టుకునే హుక్ మొన సూదికి తగులుతోంది. సూదికీ హుక్ మొనకూ మధ్య 0.04 నుంచి 0.1 మిల్లీమీటర్ సందు ఉండాలి. మీరు 0.9 సూది తీసి 1.1 సూది పెట్టారు. సూది లావు రెండు పక్కలా పెరుగుతుంది కాబట్టి హుక్ వైపు 0.1 పెరిగినట్టే, అంటే ఉన్న సందంతా అదే తినేసింది. హుక్ మూడు స్క్రూలు వదులు చేసి, సూది గాటు (రంధ్రం పైన పక్కకు ఉండే గుంట) దగ్గర కాగితం పొర అంత సందు వచ్చేలా జరిపి బిగించాలి. సూది, హుక్ కలిసే టైమింగ్ చెదరకుండా చూసుకోండి, చేతకాకపోతే మెకానిక్‌ను పిలవండి. ఇలాగే నడిపితే హుక్ మొన మొద్దుబారుతుంది, తర్వాత సన్న దారం పెట్టినా ప్రతి కుట్టుకూ పీచు లేస్తుంది. దీని తర్వాత అదే మిషన్ మీద 11 సూది పెడితే సందు ఎక్కువై కుట్లు జంప్ అవుతాయి. అందుకే మూడింటిలో ఒక మిషన్‌ను బ్యాగులకే వదిలేయండి. పొద్దున షర్టు, సాయంత్రం బ్యాగు అని ఒకే మిషన్‌ను మార్చి మార్చి నడిపితే రెండూ చెడతాయి.

సూది పొడుగు గాడి ఎడమ వైపుకు, గాటు కుడి వైపుకు ఉందో లేదో కూడా చూడండి. సూది కొద్దిగా మెలిదిరిగి బిగిసినా దొడ్డు దారం ఓర్చుకోదు.

కింద లూపులు వస్తే బాబిన్ స్క్రూ ముట్టుకునే ముందు పై దారం చూడండి. దొడ్డు దారం టెన్షన్ బిళ్లల మధ్యలోకి పూర్తిగా దిగక అంచు మీద కూర్చుంటుంది. ఫుట్ ఎత్తి దారాన్ని మళ్లీ లాగి ఎక్కించండి. తర్వాత బాబిన్‌లో 20/2 చుట్టండి, 40/2 వద్దు. కింది దారం పై దారంకన్నా ఒక మెట్టు సన్నగా ఉండొచ్చు, సగానికి సగం ఉండకూడదు. తెగేది ఎప్పుడూ సన్నదే, పైన 70 టెక్స్ పెట్టిన ఖర్చు దండగ. బాబిన్ నిండా కాకుండా ముప్పావు వంతు కాస్త దాటే వరకే చుట్టండి. కేస్‌ను దారం పట్టుకుని వేలాడదీసి మణికట్టుతో ఒక్క కుదుపు ఇస్తే అంగుళం జారి ఆగాలి. దారం మారింది కాబట్టి స్క్రూ పావు చుట్టు వదలాల్సి వస్తుంది. కింది టెన్షన్ కుదిరాకే పై నాబ్ తిప్పండి. ముడి పొరల మధ్యలో దాక్కోవాలి. కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఆరేడు కుట్లు. స్పీడు సగానికి దించండి.

బస్తాకుట్టు_మిర్యాలగూడ:

మిల్లు దారం బ్యాగులకు వద్దు. బస్తా మిషన్లకు వాడేది మామూలుగా 20/6 లేదా 20/4. పైన చెప్పిన లెక్కలో పెడితే 20/6 అంటే 177 టెక్స్. దానికి 22 కూడా ఇరుకే, 23 సూది కావాలి. మీ మిషన్ ప్లేటు రంధ్రంలో అది పట్టదు. పైగా మెత్తగా పేనిన దారం, దూది రాలుతుంది. బాబిన్ కేస్ స్ప్రింగ్ కింద అది పేరుకుంటే టెన్షన్ గంటకోలా మారుతుంది.

బస్తా గట్టిగా ఉండేది దారం లావు వల్లే, కుట్టు వల్ల కాదు. ఒక్క దారం చైన్ కుట్టు అది, సరైన కొస దొరికితే ఒక్క గుంజుకు మొత్తం ఊడొస్తుంది. బస్తాకు కావాల్సింది కూడా అదే.

చవక కోసం చూస్తే ఇంకో చోట చూడండి. కోన్ మీద 5000 మీటర్లు అని రాసి, లోపల తక్కువ చుట్టినవి తగులుతుంటాయి. 30 టెక్స్ దారం 5000 మీటర్లుంటే దారం ఒక్కటే 150 గ్రాములు తూగాలి, ఖాళీ కోన్ బరువు వేరు. కొత్త కోన్ తూచి, ఖాళీ అయ్యాక కోన్ తూచి తీసేస్తే తేలిపోతుంది. పేరు తెలియని దారం వచ్చినా ఇదే దారి. 100 మీటర్లు తూచితే 6 గ్రాములు వచ్చిందా, అది 60 టెక్స్. ఇంట్లో కూరగాయల కాటా మీద కాదు, బంగారం కొట్టు కాటా మీద.

గద్వాల_లెదర్‌బ్యాగ్స్:

మెకానిక్ గారి మాటకు ఒకటి కలుపుతాను, ఒకటి కాదంటాను.

కాదనేది నైలాన్. 210/3 నైలాన్ బలం మంచిదే, కానీ సాగుతుంది. టెన్షన్ కొంచెం ఎక్కువైనా కుట్టిన తర్వాత వెనక్కి లాక్కుని కాటన్ ఇక్కత్‌ను ముడుస్తుంది. ఎండకు కూడా పాలిస్టర్ కన్నా త్వరగా బలం పోతుంది, మన ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కత్, కాన్వాస్ కుట్లకు 20/2 స్పన్ పాలిస్టర్ చాలు. నివారు జాయింటుకు మాత్రం 210/3 పాలిస్టర్ ఫిలమెంట్ (తెగని పొడుగు పోగుల దారం) అడగండి. 250/3 ఇస్తే అది 83 టెక్స్, 19 సూది కావాలి, మీ మిషన్‌కు ఎక్కువ. పట్టీని ఒక్క అడ్డగీతతో వదలకండి. చదరం కుట్టి లోపల ఇంటూ మార్కు వేయండి, బరువు మొత్తం ఒక్క వరుస మీద పడదు.

రెగ్జిన్‌కు తోలు సూది వాడకండి. కోసే మొన తోలుకే. రెగ్జిన్‌లో అది వరుసగా చీలికలు పెడుతుంది, బరువుకు పోస్టాఫీసు బిళ్లలా కుట్టు వెంబడి చిరుగుతుంది. మామూలు గుండ్రటి మొనే పెట్టి కుట్లు దూరం చేయండి.

కలిపేది ఇది: దారం తెగినప్పుడల్లా టెన్షన్ తిప్పకుండా తెగిన కొస చూడండి. కొసన చిన్న బొడిపె కట్టిందంటే సూది వేడికి కరిగింది, స్పీడు తగ్గించి సిలికాన్ నూనె తడిపిన స్పాంజి ముక్క మీదుగా దారం పోనివ్వండి. పోగులు విడిపోయి కుచ్చులా ఉంటే సూది రంధ్రం ఇరుకు, లేదా సూది పాడైంది. కత్తితో కోసినట్టుంటే హుక్ మీదో ప్లేటు రంధ్రం అంచునో గరుకుంది, సన్న ఎమరీ దారంతో రుద్దాలి. సన్నగా సాగి ఉంగరాలు తిరిగి ఉంటే అప్పుడు టెన్షన్ ఎక్కువ. ఇంకోటి, పురి చూడండి. దారాన్ని నిలువుగా పట్టుకుంటే పోగులు ఎడమ కింది నుంచి కుడి పైకి వాలి ఉండాలి. ఎదురు పురి దారం లాక్‌స్టిచ్ మీద కుట్టేకొద్దీ విచ్చుకుంటుంది, ఏ సూది పెట్టినా ఆగదు.

కుట్టుయూనిట్_నల్లగొండ:

హుక్ జరిపించినం, బాబిన్‌లో 20/2 పెట్టినం, టక్ సౌండ్ పోయింది, కుట్టు జంప్ అవుతలేదు. 200 బ్యాగుల ఆర్డర్ ఉంది. బ్యాగుకు సుమారు 6 మీటర్ల కుట్టు వస్తది. 20/2 ఎంత తెప్పించాలె?

సంఘంకుట్లు_దేవరకొండ:

దొడ్డు పొరలు గనుక మీటరుకు 3 మీటర్ల లెక్క వేసుకోండ్రి. 6 మీటర్లకు 18, 200 బ్యాగులకు 3600 మీటర్లు. తెగినవి, బాబిన్ల మిగిలినవి కలిపి నూటికి 15 ఎక్కువ పట్టుకుంటే 4140. 20/2 కోన్ల పొడుగు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు ఉంటది, లేబుల్ చూసి కొనుండ్రి. బాబిన్ చుట్టడానికి ఒక చిన్న కోన్ వేరుగ పెట్టుకోండ్రి, మిషన్ ఆపి కోన్ తీయాల్సిన పని ఉండదు. రంగు ఒకే లాటుది తీసుకోండ్రి.