ఏడు నెలల జీతం బకాయి: సగానికి ఒప్పుకోమంటున్నారు, సంతకం పెట్టవచ్చా?

నయీంనగర్_లెక్చరర్

హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ఆరేళ్లు కామర్స్ చెప్పాను. జీతం నెలకు 24,000. చివరి ఏడు నెలలకు ఒక్క రూపాయి రాలేదు. ఎప్పుడు అడిగినా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదన్నదే జవాబు. విసిగిపోయి పోయిన నెల రాజీనామా ఇచ్చాను.

మొన్న కరస్పాండెంట్ గారు పిలిపించారు. 80,000 ఇస్తామంటూ ఒక కాగితం నా ముందుకు జరిపారు. ‘నాకు రావలసిన బకాయిలన్నీ ముట్టినవి, ఇకపై ఎటువంటి క్లెయిమ్ లేదు’ అని ఉంది. ముట్టిన మొత్తం ఎంతో లేదు, తేదీ దగ్గర ఖాళీ. నా పీజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరిన రోజు నుంచి వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. ఇక్కడ ఇంటి అద్దె రెండు నెలలు బాకీ పడ్డాను. దొరికింది తీసుకొని బయటపడమని నాన్న అంటున్నారు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా చెప్పండి.

కాజీపేట_పెద్దాయన

బాబూ, సంతకం పెట్టకు. చాలా ఏళ్లు కార్మిక సంఘంలో ఉండి జీతాల అర్జీలు రాసినవాడిగా చెబుతున్నాను. మాటలకు కూర్చోవడానికి ముందు నీ లెక్క నువ్వు వేసుకో.

ఏడు నెలలకు 1,68,000. ఉద్యోగం వదిలేటప్పుడు యాజమాన్యం ఇవ్వవలసిన గ్రాట్యుటీ మాట నువ్వు ఎత్తనే లేదు. అయిదేళ్లు దాటి పనిచేసినవారికి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. నెలను 26 రోజులుగా లెక్కగడతారు. 24,000ను 15తో హెచ్చవేసి 26తో భాగిస్తే 13,846. ఆరేళ్లకు సుమారు 83,077. జీతాన్ని మూలవేతనం, అలవెన్సులు అని విడదీసి ఇచ్చి ఉంటే అంకె కొంత మారవచ్చు, పే స్లిప్ చూసుకో. వాళ్లు ఇస్తామంటున్న 80,000 నీ గ్రాట్యుటీకే చాలదు! అంటే ఏడు నెలల చాకిరీని ఉచితంగా రాయించుకుంటున్నారన్నమాట.

అధ్యాపకులకు గ్రాట్యుటీ లేదని చెబుతారు, నమ్మకు. 2009లో చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి ఉపాధ్యాయులకూ వర్తింపజేశారు. 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది.

ఇక జీతం సంగతి. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అనే చట్టం అమల్లో ఉంది. రాజీనామా చేసినవారికి రెండు పనిదినాల్లో జీతం చెల్లించాలి. క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం విచారణాధికారికి ఉంది. చెల్లించామని రుజువు చేసుకోవలసింది కూడా యాజమాన్యమే. ఇవన్నీ తెలిసినవాడిలా వెళ్లి కూర్చో, గొంతు పెంచనక్కర్లేదు.

మానేరు_తీరం

కరీంనగర్‌లో ఒక బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ చేసేదాన్ని. అయిదు నెలల జీతం ఆపారు. చివరికి మూడు చెక్కులుగా ఇస్తామని ఒప్పుకున్నారు. మా బాబాయి ఆ ఒప్పంద పత్రంలో ఒక వాక్యం పట్టుబట్టి రాయించారు: ‘మూడు చెక్కులూ నగదు అయిన తరువాతే బకాయి తీరినట్లు.’ చెక్కుల నంబర్లు, తేదీలు, బ్యాంకు పేరు కూడా అందులోనే రాయించారు. ఆ రోజు నాకు అదంతా చాదస్తంగా తోచింది.

రెండో చెక్కు తిరిగి వచ్చింది. బ్యాంకువారు ఇచ్చిన మెమో పట్టుకొని వకీలు దగ్గరకు వెళ్లాను. మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, అది అందాక వాళ్లకు 15 రోజుల గడువు, అప్పటికీ ఇవ్వకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి అన్నారు. నోటీసు అందిన పదమూడో రోజున డబ్బు వచ్చింది. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుబాటు, సొరుగులో పెట్టి మరిచిపోవద్దు.

అన్నా, నేను వాళ్లకు గడువు ఇచ్చాను, జీతంలో మాత్రం రూపాయి తగ్గించలేదు. వాళ్ల దగ్గర నిజంగా డబ్బు లేకపోతే అడగవలసింది వాయిదాలు. పని చేసిన రోజులు మనవి, వాటిని ఎలా తగ్గిస్తాం?

పరకాల_నుంచి

అందరికీ అది సాధ్యం కాదమ్మా. అమ్మకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో వైద్యం జరుగుతున్నప్పుడు లక్షా పదివేల బకాయికి డెబ్బై వేలు తీసుకొని సంతకం పెట్టాను. ఆ వారం మందులకు ఆ డబ్బే ఆధారం. తప్పు చేశానని అనుకోను. ఒక్కటి మాత్రం ఈ రోజుకీ గుచ్చుకుంటుంది: ‘ఇది పాక్షిక చెల్లింపు, మిగిలినది బాకీ’ అని రాయమని అడిగి ఉంటే బహుశా రాసేవారేమో. నేను అడగనేలేదు.

గోదావరిఖని_వెల్డర్

కాంట్రాక్టరు కింద పనిచేసేవారు ఇది చదువుతుంటే వారికి ఒక మాట. మా కాంట్రాక్టరు మూడు నెలల కూలి ఎగ్గొట్టి ఫోను ఆపేశాడు. మేము పదకొండు మందిమి హాజరు కార్డులు జతచేసి అసలు యజమాని సంస్థకు అర్జీ ఇచ్చాం. కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే చెల్లించే బాధ్యత ప్రధాన యజమానిది, తరువాత కాంట్రాక్టరు బిల్లులో వాళ్లు పట్టుకుంటారు. మాకు అలాగే వచ్చింది. విడివిడిగా వెళ్లి ఉంటే గేటు దాటనిచ్చేవారు కాదు.

నయీంనగర్_లెక్చరర్

అందరికీ నమస్కారం. పెద్దాయన గారి లెక్క నాన్నకు చూపించాను, ఇప్పుడు ఆయనే వద్దంటున్నారు. నా దగ్గర నియామక పత్రం లేదు. జీతం జమ అయిన బ్యాంకు పాస్‌బుక్, ఆరేళ్ల టైమ్‌టేబుళ్లు, ప్రిన్సిపాల్ వాట్సాప్ సందేశాలు ఉన్నాయి. సరిపోతాయా? సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేది లేదని భయపెడితే ఏం చేయాలి?

అదాలత్_జూనియర్

నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టిన న్యాయవాదిని. పాస్‌బుక్ ఒక్కటే సగం పని చేస్తుంది. నెలనెలా ఆ కళాశాల నుంచి జమ కావడం, ఒక నెల నుంచి ఆగిపోవడం అందులోనే కనబడుతుంది. వాట్సాప్ సందేశాలు ఉన్న ఫోను మార్చకండి. పీఎఫ్ కోసి ఉంటే ఆ పాస్‌బుక్ కూడా తీయండి. మీ సర్టిఫికెట్లు మీ ఆస్తి, వాటిని తాకట్టు పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. వాటిని బేరంలో కలపకుండా మొదటి అంశంగా బల్ల మీద అడగండి.

రాజీ కుదిరితే స్టాంపు పేపరుతో ఆగిపోవద్దు. కోర్టులో కేసు వేయకముందే, రాజీతో తగాదాలు తీర్చే లోక్ అదాలత్ కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టవచ్చు, రుసుము లేదు. అక్కడ ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. వాయిదా తప్పితే నేరుగా అమలు పిటిషన్ వేయవచ్చు.

నయీంనగర్_లెక్చరర్

నాలుగు వారాల తరువాత రాస్తున్నాను. ఒక పాత సహోద్యోగిని వెంట తీసుకొని వెళ్లాను. లెక్క రాసిన కాగితం కరస్పాండెంట్ గారి వైపు తిప్పి పెట్టాను. గ్రాట్యుటీ దగ్గర వేలు ఆపి, మన కళాశాలలో ఆ ఆనవాయితీ లేదన్నారు. చట్టంలో ఉందన్నాను, అంతకు మించి మాట్లాడలేదు. ఆయన చాలాసేపు కాగితం చూశారు. అకౌంటెంటును పిలిచారు. ఇద్దరూ పక్క గదిలోకి వెళ్లారు. ఆ పావుగంట నాకు ఏడు నెలలకంటే బరువుగా గడిచింది.

మొత్తం 2,51,077 ఇవ్వడానికి ఒప్పుకున్నారు. జీతం 42,000 చొప్పున నాలుగు చెక్కులు, గ్రాట్యుటీకి అయిదో చెక్కు. పరిహారం, వడ్డీ నేను అడగలేదు. సర్టిఫికెట్లు ఆ రోజే ఇచ్చారు. పీజీ పట్టా మీద జెమ్ క్లిప్పు తుప్పు మరక పడింది. తుడిస్తే పోలేదు.

నిన్న లోక్ అదాలత్‌లో ఇద్దరం సంతకాలు పెట్టాం. మొదటి చెక్కు ఈ ఉదయం బ్యాంకులో వేశాను.