బ్లాక్ పిల్లల చదువు వెనకబడటానికి కారణం ఇల్లా, బడా?

లెక్కల టీచర్, అట్లాంటా

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ఫోర్సైత్ కౌంటీలో మావాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం, భోజనాల దగ్గర స్కూళ్ళ మాట వచ్చింది. నేను అట్లాంటాకి దక్షిణాన ఒక పబ్లిక్ స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెప్తానని, మా క్లాసుల్లో దాదాపు అందరూ బ్లాక్ పిల్లలేనని తెలిసి ఒక పెద్దాయన "ఆ ఇళ్ళల్లో చదువు మీద ధ్యాస ఉండదమ్మా, మీరెంత చెప్పినా గోడకు చెప్పినట్టే" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలూపారు. నాకు అన్నం సహించలేదు, కానీ పెద్దాయన కదా అని అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ అడుగుతున్నాను.

అమెరికా దేశమంతా ఒకే తీరుగా పెట్టే నేప్ పరీక్ష ఉంది కదా. 1971లో 17 ఏళ్ళ పిల్లల రీడింగ్‌లో తెల్ల పిల్లలకూ బ్లాక్ పిల్లలకూ సగటున 53 పాయింట్ల తేడా ఉండేది. 1988 కల్లా అది 20కి దిగింది. తర్వాత మళ్ళీ పెరిగింది. అంతా ఇంట్లోనే ఉంటే ఆ 17 ఏళ్ళలో అంత తేడా ఎలా కరిగింది? తెల్ల, బ్లాక్ పిల్లల బళ్ళు కలపాలని సుప్రీం కోర్టు బ్రౌన్ తీర్పు వచ్చింది 1954లో, కానీ దక్షిణాది రాష్ట్రాల్లో పదేళ్ళకు పైగా అది కాగితం మీదే ఉండిపోయింది. 1988లో ఆ పరీక్ష రాసిన పిల్లలు బళ్ళు నిజంగా కలిశాక ఒకటో తరగతిలో చేరినవాళ్ళు. నా మటుకు నాకు ఇందులోనే జవాబు కనపడుతోంది. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో చెప్పండి, వింటాను.

ఫ్రిస్కో మామ

టీచరమ్మగారూ, మీ పని మీద గౌరవంతోనే చెప్తున్నా, నేను ఒప్పుకోను. ఆ 17 ఏళ్ళలో బడి ఒక్కటే మారలేదు, బ్లాక్ తల్లిదండ్రుల చదువులూ ఉద్యోగాలూ కూడా మెరుగయ్యాయి. 1966లో కోల్‌మన్ రిపోర్ట్ వచ్చింది, పౌరహక్కుల చట్టం కింద ప్రభుత్వమే చేయించింది, సుమారు ఆరు లక్షల మంది పిల్లల్ని పరీక్షించారు. బడి మీద పెట్టే ఖర్చు కంటే ఇంటి పరిస్థితే మార్కుల్ని ఎక్కువ నిర్ణయిస్తుందని తేలింది.

డబ్బు సంగతి అంటారా, కాన్సస్ సిటీ చూడండి. 1985 నుంచి పన్నెండేళ్ళలో కోర్టు ఆర్డర్ మీద అక్కడి బళ్ళకి దాదాపు రెండు వందల కోట్ల డాలర్లు పోశారు. కొత్త బిల్డింగులు, ఒలింపిక్ సైజు స్విమ్మింగ్ పూల్, అన్నీ వచ్చాయి. మార్కులు రాలేదు. 2000లో ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ గుర్తింపే పోయింది. ఇంకోటి, ఒహాయోలో షేకర్ హైట్స్ అని బాగా ఉన్నవాళ్ళ ఊరు, అక్కడ డాక్టర్లూ లాయర్లూ అయిన బ్లాక్ కుటుంబాల పిల్లలు కూడా ఎందుకు వెనకబడుతున్నారని నైజీరియాలో పుట్టిన ప్రొఫెసర్ జాన్ ఓగ్బు వెళ్ళి చూసి 2003లో పుస్తకం రాశాడు. పిల్లలు పెట్టాల్సినంత శ్రమ పెట్టడం లేదని ఆయనే రాశాడు.

మా నాన్న ప్రకాశం జిల్లాలో రెండెకరాల మెట్ట పొలం అమ్మి నన్ను ఇంజనీరింగ్ చదివించాడు. మాకు ఇంట్లో కరెంటు సరిగ్గా ఉండేది కాదు. చదువు ఇంట్లో మొదలవుతుందని నేను అనుభవంతో చెప్తున్నా.

గురుకులం 94

మామ గారూ, మీ నాన్నగారికి దండం. కానీ మనల్ని చూపించి వాళ్ళతో పోల్చడం సరి కాదు. మనం జల్లెడ పట్టి తెచ్చిన గింజలం. డిగ్రీ లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే ఫ్రిస్కో లేదు. మీ బడిలో మీతో కూర్చున్న నలభై మందిలో ఎంతమంది ఇక్కడున్నారు? మిగిలిన వాళ్ళ నాన్నలు పిల్లల్ని ప్రేమించలేదా?

నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో పెరిగినవాణ్ణి. మా అమ్మకి సంతకం రాదు. మూడో తరగతిలో ఒక సారు మా అమ్మ ముందే "వీడికి ఈ మాత్రం చాల్లే" అన్నాడు, ఆ మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది. తొమ్మిదిలో ఇంకో లెక్కల సారు రాత్రి పూట హాస్టల్‌కి వచ్చి మాలో ఆరుగురితో పై క్లాసు లెక్కలు చేయించేవాడు. మా ఇల్లు మాత్రం అదే ఇల్లు, మా అమ్మ అదే అమ్మ.

కోల్‌మన్ రిపోర్ట్‌లో మీరు వదిలేసిన ముక్క ఒకటుంది. మంచి టీచరు ఉండటం, లేకపోవడం తెల్ల పిల్లల కంటే బ్లాక్ పిల్లల మార్కుల మీదే ఎక్కువ పనిచేస్తుందని కూడా అందులోనే ఉంది. డబ్బు గురించి కూడా, కాన్సస్ సిటీ ఒక్కటే కాదు. కోర్టుల వల్ల ఖర్చు పెరిగిన డిస్ట్రిక్ట్‌లన్నీ తీసుకుని జాక్సన్, జాన్సన్, పెర్సికో అనే ముగ్గురు లెక్కగట్టారు, 2016లో అచ్చయింది. పన్నెండేళ్ళూ పది శాతం ఎక్కువ ఖర్చు పెడితే పేద పిల్లలు సగటున సుమారు అర సంవత్సరం ఎక్కువ చదివారు, పెద్దయ్యాక సంపాదన కూడా పెరిగింది. పూల్ కట్టడం వేరు, మంచి టీచర్లకి జీతాలివ్వడం, క్లాసులు చిన్నవి చేయడం వేరు.

జాక్సన్ వాసి

నేను మిసిసిపీలో ఉంటాను. మా రాష్ట్రం పేరెత్తితేనే జనం పెదవి విరుస్తారు, దేశంలో అందరికంటే పేద రాష్ట్రాల్లో ఒకటి, పబ్లిక్ స్కూళ్ళలో దాదాపు సగం మంది బ్లాక్ పిల్లలు. 2013లో నాలుగో తరగతి రీడింగ్‌లో మాది 49వ స్థానం. 2024లో 9వ స్థానం. ఆ పదకొండేళ్ళలో మా ఇళ్ళేమీ మారలేదండి, పేదరికం అలాగే ఉంది.

మారింది చదవడం నేర్పే పద్ధతి. మనకి అఆలు, గుణింతాలు, వత్తులు వచ్చాకే కదా పదం చదివిస్తారు. అమెరికాలో చాలా చోట్ల ఏళ్ళ తరబడి బొమ్మ చూసి, మొదటి అక్షరం చూసి పదాన్ని ఊహించమని నేర్పారు. ఇంట్లో పుస్తకాలున్న పిల్లలకి అమ్మో నాన్నో మిగతాది పూరించారు, లేని పిల్లలు అక్కడే ఆగిపోయారు. ఆగిపోయినందుకు మళ్ళీ వాళ్ళ ఇంటినే తిట్టారు. మా దగ్గర 2013 చట్టంతో అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధం నుంచి మొదలుపెట్టి నేర్పేలా టీచర్లందరికీ మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చారు, బాగా వెనకబడ్డ స్కూళ్ళకి కోచ్‌లను పంపారు. అంతకుముందే, 2000లో, జిమ్ బార్క్స్‌డేల్ అనే వ్యాపారి పదికోట్ల డాలర్లిచ్చి రీడింగ్ సంస్థ పెట్టించాడు, ఆ పునాది కూడా ఉంది. ఇప్పుడు మా నాలుగో తరగతి బ్లాక్ పిల్లల సగటు దేశంలో బ్లాక్ పిల్లల సగటు కంటే ఎక్కువ.

అడ్మిన్

ఒక కామెంట్ తీసేశాం. మన వాట్సాప్ గ్రూపుల్లో బ్లాక్ మనుషుల గురించి వాడే ఆ మాట ఇక్కడ వద్దు. వాదన ఎంత గట్టిగానైనా చేసుకోండి.

ఫ్రిస్కో మామ

జాక్సన్ గారూ, మీరు చెప్పింది నాకు కొత్త, మంచి విషయమే. కానీ పూర్తి కథ చెప్పండి. మీ చట్టంలో మూడో తరగతి చివర చదవలేకపోతే అదే క్లాసులో మళ్ళీ కూర్చోబెడతారు. ఆ పిల్లలు ఏడాది ఎక్కువ చదివి నాలుగులో పరీక్ష రాస్తే సగటు పెరగదా? ఎనిమిదో తరగతిలో మీకు అంత పెరుగుదల ఎందుకు లేదు? మీ రాష్ట్రంలోనే తెల్ల, బ్లాక్ పిల్లల మధ్య తేడా ఇంకా ఉంది కదా.

జాక్సన్ వాసి

ఉంది. ఎనిమిదిలో అంత పెరగలేదన్నదీ నిజమే, దాని మీద ఇప్పుడు పని మొదలైంది. మళ్ళీ అదే క్లాసు అనేది నాకూ బాధే, పక్కింటి పాప ఆ ఏడాదంతా టెన్షన్ పడటం చూశాను. కానీ అసలు ఉద్దేశం పిల్లల్ని ఆపేయడం కాదండి, ఆపకుండా ఉండటానికి ఒకటో తరగతి నుంచే ఎవరు వెనకబడుతున్నారో కనిపెట్టి నేర్పడం. చదవడం రాకుండానే పై క్లాసులకి పంపితే ఆ పిల్లలు టీచరు గారి దగ్గరకి ఆరో తరగతికి వస్తారు. ఆవిడనే అడగండి.

లెక్కల టీచర్, అట్లాంటా

వస్తారు. లెక్క చేయగలిగిన పిల్లలే, ప్రశ్నలో ఏముందో చదవలేక వదిలేస్తారు. నేను పైకి చదివి వినిపిస్తే జవాబు చెప్పేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

మామ గారూ, శ్రమ పెట్టడం లేదన్నారు. శ్రమ ఎప్పుడు పెడతాడు పిల్లవాడు? నువ్వు చేయగలవని ఒకరైనా నమ్మినప్పుడు. నార్త్ కరోలినాలో గెర్షెన్సన్, మరికొందరు కలిసి లెక్క తీశారు, బాగా పేద బ్లాక్ మగపిల్లలకి మూడు నుంచి ఐదో తరగతి లోపు ఒక్క బ్లాక్ టీచరు దొరికినా హైస్కూల్ మానేసేవాళ్ళు 39 శాతం తగ్గారు. ఒక్క టీచరు! మరి ఆ టీచర్లు ఏరి? దేశంలో పిల్లల్లో సుమారు 15 శాతం బ్లాక్, టీచర్లలో 6, 7 శాతమే. ఇది ఊరికే అలా అయిపోలేదు. బ్రౌన్ తీర్పు తర్వాత బళ్ళు కలిపేటప్పుడు బ్లాక్ బళ్ళను మూసేసి, దక్షిణాదిలో, సరిహద్దు రాష్ట్రాల్లో సుమారు 38,000 మంది బ్లాక్ టీచర్లనీ హెడ్‌మాస్టర్లనీ ఇంటికి పంపేశారు. పిల్లల్ని కలిపారు, టీచర్లని కలపలేదు.

నేనూ బ్లాక్ టీచరుని కాదు. మొదటి ఏడాది నా క్లాసులో ఒక అబ్బాయి నిలబడే లెక్కలు చేసేవాడు, కూర్చోమంటే కాళ్ళు ఆడిస్తూ బల్ల కొట్టేవాడు. నేను రెండుసార్లు ఆఫీసుకి పంపాను, సస్పెండ్ చేశారు. అదే పని ఫోర్సైత్‌లో మన పిల్లాడు చేస్తే "చురుకైనవాడు" అని మనమే అనుకుంటాం. 2017-18 లెక్కల్లో సస్పెండై ఇంట్లో కూర్చున్న పిల్లల్లో 38 శాతం బ్లాక్. వాళ్ళ వాటా 15 శాతమే. బడిలో లేని రోజు ఏం నేర్చుకుంటాడు? ఆ 38లో నేను పంపినవాడూ ఉన్నాడు, అందుకే అడుగుతున్నాను.

కమ్మింగ్ కోడలు

మామ గారూ, మీ నాన్నగారు పొలం అమ్మి చదివించారన్నారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. నేను ఫోర్సైత్‌లోనే ఉంటా, టీచరు గారు వ్రతానికి వచ్చిన చోటే. 1912లో ఈ కౌంటీలో ఉన్న బ్లాక్ కుటుంబాలన్నింటినీ, వెయ్యిమందికి పైగా మనుషుల్ని, ఇళ్ళకీ చర్చిలకీ నిప్పు పెట్టి తరిమేశారు. కొందరు పొలాలు అగ్గువకి అమ్ముకున్నారు, కొందరు వదిలేసి పారిపోయారు. 1987లో కూడా ఇక్కడ ఊరేగింపుగా నడిచినవాళ్ళ మీద రాళ్ళేశారు. నాకు ఇవన్నీ ఇల్లు కొన్న నాలుగేళ్ళకి తెలిశాయి. "స్కూళ్ళు బాగుంటాయి" అనే కొన్నాం మేము, మా వీధిలో సగం మనవాళ్ళే.

మీ నాన్నగారికి అమ్మడానికి రెండెకరాలున్నాయండి. ఆ పొలాలే ఉండి ఉంటే ఇక్కడి తాతలు కూడా అమ్మి చదివించేవాళ్ళేమో.

స్కూళ్ళకి వచ్చే డబ్బులో పెద్ద భాగం ఇంటి పన్ను నుంచి వస్తుంది, ఇంటి ధర ఎక్కువున్న చోట బడి బాగుంటుంది. ఇది అన్యాయమని టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో తల్లిదండ్రులు కేసు వేస్తే 1973లో సుప్రీం కోర్టు 5-4తో కొట్టేసింది. ఏడాది తర్వాత డెట్రాయిట్ పిల్లల్ని చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళతో కలిపే ప్లాన్‌ని కూడా 5-4తోనే కొట్టేసింది. మనం ఎంచుకుని కొన్న ఇళ్ళ వెనక ఇదంతా ఉంది.

ఆష్‌బర్న్ నాన్న

చరిత్ర చదివితే నాకూ బాధేస్తుంది. కానీ మా వర్జీనియాలో ఏం చేశారో చూడండి. థామస్ జెఫర్సన్ అని ఎంట్రన్స్ పరీక్షతో పిల్లల్ని తీసుకునే పేరున్న పబ్లిక్ హైస్కూల్‌కి 2020లో ఆ పరీక్ష తీసేసి, ప్రతి మిడిల్ స్కూల్‌కీ కొన్ని సీట్లు పెట్టారు. మొదటి ఏడాదే ఆసియా పిల్లల వాటా 73 నుంచి 54 శాతానికి పడింది, బ్లాక్ పిల్లలది ఒకటి నుంచి ఏడు శాతానికి పెరిగింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు, 2024లో సుప్రీం కోర్టు కేసు తీసుకోనంది. నా కూతురు రెండేళ్ళు రాత్రింబవళ్ళు కష్టపడింది, సీటు రాలేదు. దాని ఏడుపు నేను మర్చిపోలేను. మూడో తరగతిలో చేయాల్సిన పని ఎనిమిదో తరగతి చివర సీట్ల దగ్గర చేస్తే ఎవరికి మేలు?

గురుకులం 94

పాపకి అలా జరగడం బాధాకరమే. మూడో తరగతిలో చేయాలన్న మాట నేనూ ఒప్పుకుంటా. అయితే చేసిన చోటు చెప్తా, ఫ్లోరిడాలో బ్రోవార్డ్ కౌంటీ. అంతకుముందు గిఫ్టెడ్ టెస్ట్‌కి, అంటే బాగా తెలివైన పిల్లల్ని ప్రత్యేక క్లాసులకి ఎంచే టెస్ట్‌కి, టీచరో తల్లిదండ్రులో పేరు ఇవ్వాలి, ఉన్నవాళ్ళు ప్రైవేటుగా టెస్ట్ చేయించుకునేవాళ్ళు. మనలో ఎంతమంది కాగాట్ అనే అలాంటి టెస్ట్ కోచింగ్‌కి పిల్లల్ని పంపడం లేదు? 2005లో అక్కడ రెండో తరగతి పిల్లలందరికీ టెస్ట్ పెట్టడం మొదలుపెట్టారు, గిఫ్టెడ్‌లోకి వచ్చే బ్లాక్, లాటినో పిల్లలు ఒక్కసారిగా బాగా పెరిగారు. పిల్లలు కొత్తగా తెలివైనవాళ్ళు కాలేదు, అప్పటిదాకా ఎవరూ చూడలేదు. తర్వాత బడ్జెట్ లేదని ఆపేస్తే తేడా మళ్ళీ వచ్చేసింది.

ఫ్రిస్కో మామ

అందరికీ టెస్ట్ పెట్టడం మీద నాకు అభ్యంతరం లేదు, అది న్యాయం. పొలం మాట నన్ను ఆలోచనలో పడేసింది, కాదనను. కానీ ఇంటి పాత్ర లేదంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. టీచరమ్మా, మీ స్కూల్లో ఆ టెస్ట్ అందరికీ పెడతారా?

లెక్కల టీచర్, అట్లాంటా

ఇంటి పాత్ర లేదని నేనూ అనలేదు మామ గారూ, మా పేరెంట్స్ మీటింగ్‌కి నైట్ షిఫ్ట్ దిగి యూనిఫాంతోనే వచ్చే అమ్మల్ని చూస్తున్నాను. మా దగ్గర అందరికీ పెట్టరు. టీచరు పిల్లల పేర్లు రాసిస్తేనే టెస్ట్. పోయిన ఏడాది నేను నలుగురి పేర్లు రాశాను, ఇద్దరికి వచ్చింది. అంతకుముందు మూడేళ్ళలో నా క్లాసుల నుంచి ఒక్క పేరూ వెళ్ళలేదు. ఆ మూడేళ్ళూ చెప్పింది నేనే.