నవల తిరగరాసేముందు పాత్రలకు బయోడేటా అవసరమా?

చిత్తుకాగితం: మొదటి ప్రతి పూర్తయింది. పాత్రలు ఇంకా పల్చగానే ఉన్నాయి. ఒక్కొక్కరికీ వంద ప్రశ్నల పట్టిక నింపమని కొందరు, అదంతా దండగని కొందరు. మీరేమంటారు?

రెండోప్రతి: దండగే. ఇష్టమైన రంగు, పుట్టుమచ్చ, చదివిన బడి ఒకసారి పట్టికెక్కాయంటే ఊరుకోవు. మూడో పేజీలో పరిచయ పేరాగా వచ్చి కూర్చుంటాయి. అంతకంటే ఒక్కో పాత్ర మాటలన్నీ విడిగా ఓ ఫైల్లోకి తీయండి. పేర్లు, "అన్నాడు", "అంది" కొట్టేసి వారం ఆగి చదవండి. ఎవరి మాటో పోల్చుకోలేకపోతే ఆ మనిషి మీకింకా తెలీదు. "కాఫీ పెట్టనా?" ఎవరైనా అంటారు. "డికాక్షన్ ఉంది గానీ పాలు విరిగాయండీ" అన్నావిడ చుట్టాన్ని లేవమంటోంది. మీకు కావాల్సింది ఈ రెండో మాట.

అచ్చుతప్పు: వంద ప్రశ్నలు వద్దు గానీ పుట్టిన సంవత్సరం మాత్రం రాసుకోవాలండీ. 1969 తెలంగాణ ఉద్యమంలో 18 ఏళ్ల కుర్రాడు 2009 అధ్యాయానికి 58 ఏళ్ల మనిషి. అక్కడ కూడా మెట్లు రెండేసి ఎక్కుతుంటే, మాటల ఫైలు ఎన్నిసార్లు చదివినా ఆ తప్పు దొరకదు.

ఇంకోటి, పిలుపులు. ఆరు పాత్రలుంటే కాగితం మీద 30 గళ్లు, ఒక్కొక్కరికీ మిగతా ఐదుగురు: ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, "మీరా", "నువ్వా". కోడలు నాలుగో అధ్యాయం దాకా "అత్తయ్యగారూ" అని, ఏడులో "ఆవిడ" అంటే పేజీ నంబరు వేసుకోండి. కారణం లేకపోతే అది మీ మరుపు. ఉంటే, రాయకుండా వదిలేసిన సన్నివేశం ఆ మధ్యలోనే ఉంది.

మూగనోము: పెదవి విప్పని పాత్రల సంగతేంటి మరి?

రెండోప్రతి: గళ్ల సంగతి ఒప్పుకున్నా. మాట్లాడనివాళ్లకి అధ్యాయానికో వరస రాయండి: ఏం కావాలి, ఏం చేశాడు, ఏం దాచాడు. మూడోది వరసగా నాలుగైదు అధ్యాయాల్లో ఖాళీ అయితే అతను మీ కథకి జీతగాడే. ఒక సన్నివేశాన్ని అతని నోట, "నేను" అంటూ రెండు పేజీలు రాసి చూడండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: ఆ పేజీలు ముద్దొచ్చి నవల్లో అతికించేస్తారు. అతికించకండి, అందులో బయటపడ్డ ఒక్క సంగతి తీసుకోండి, చాలు.

అయినా పాత్ర తిరగరాతలోనే తెలుస్తుందనడానికి కన్యాశుల్కమే సాక్ష్యం. నాటకమే అనుకోండి. 1897 ప్రతిలోని మధురవాణి 1909 ప్రతికి ఎంత ఎదిగిందో చూడండి.

అచ్చుతప్పు: మధ్యలో 12 ఏళ్లున్నాయి స్వామీ! నవలల పోటీకి పంపాలి, గడువు మూడు నెలలే అయితే ముందు గళ్ల కాగితమే తీయండి.