20 షిల్లింగుల కోసం జాన్ హాంప్డెన్ అంత గొడవ ఎందుకు పడ్డాడు?

చరిత్రపిచ్చి:
ఇంగ్లండ్ సివిల్ వార్ (1640లలో రాజుకీ పార్లమెంటుకీ జరిగిన యుద్ధం) గురించి చదువుతున్నా. ఈ హాంప్డెన్ బకింగ్‌హామ్‌షైర్‌లో పెద్ద భూస్వామి, ఎంపీ కూడా. స్టోక్ మాండెవిల్‌లో తన భూమికి షిప్ మనీ అనే పన్ను 20 షిల్లింగులు పడితే కట్టనని కోర్టుకెక్కాడట. అంత ఆస్తి ఉన్నోడికి అదొక లెక్కా? పైగా కేసు ఓడిపోయాడు, మరి హీరో ఎలా అయ్యాడు?

పాతకోట:
గొడవ డబ్బు గురించి కాదండీ. యుద్ధభయం ఉన్నప్పుడు రేవు పట్టణాలు రాజుకి ఓడలివ్వాలి, లేదా డబ్బు కట్టాలి, అది పాత పద్ధతే. అప్పటి రాజు మొదటి చార్లెస్ 1629 నుంచి పార్లమెంటే పిలవలేదు, పార్లమెంటు ఒప్పుకోకుండా కొత్త పన్ను వెయ్యకూడదు, దాంతో ఈ పాతదాన్ని బయటికి తీసి 1634లో తీరప్రాంతాల మీద, మరుసటేడు సముద్రం మొహమే చూడని కౌంటీల మీద కూడా వేసి ఏటేటా గుంజడం మొదలెట్టాడు. దీనికి తలూపితే రాజుకి ఇక పార్లమెంటుతో పనేముంది?

ఓడిపోవడం అంటారా, 1638లో 12 మంది జడ్జిల్లో 7 మంది రాజు వైపు, 5 మంది ఈయన వైపు చెప్పారు. రాజుకి నచ్చకపోతే జడ్జి ఉద్యోగం ఊడిపోయే రోజులవి, 1626లో చీఫ్ జస్టిస్ క్రూకి అదే జరిగింది. అలాంటప్పుడు 5 ఓట్లంటే మాటలా! తర్వాతేడుకల్లా కట్టేవాళ్ళు బాగా తగ్గిపోయారు, 1641లో పార్లమెంటు దాన్ని చట్టం చేసి మరీ రద్దు చేసింది.

లండన్‌పొగ:
ఇదేదో ఉన్నట్టుండి పుట్టిన పౌరుషం కాదు. 1627లో రాజు అడిగిన బలవంతపు అప్పు ఇవ్వనన్నందుకే ఆయన్ని లోపలేశారు. ఆయన స్నేహితుడు, రాజుని ఎదిరించిన ఎంపీ జాన్ ఎలియట్ 1632లో లండన్ టవర్ కోటలో ఖైదీగానే పోయాడు. 1642 జనవరి 4న చార్లెస్ సైనికుల్ని వెంటేసుకుని కామన్స్‌కి (పార్లమెంటు దిగువ సభకి) వచ్చి పట్టుకోబోయిన ఐదుగురు ఎంపీల్లో ఈయనా ఒకడు, వాళ్ళు ముందే జారుకున్నారనుకోండి. తర్వాత పార్లమెంటు సైన్యాన్ని నడిపిన క్రామ్‌వెల్‌కి మేనత్త కొడుకు కూడా. కాకపోతే పేదల నాయకుడేం కాదు, భూములున్న జెంట్రీ తమ ఆస్తి కాపాడుకోడం కూడా ఇందులో ఉంది, నా వరకు అదే పెద్ద కారణం.

చరిత్రపిచ్చి:
ఇప్పుడర్థమైంది, థాంక్సండీ. యుద్ధంలోనే పోయాడా?

పాతకోట:
అవును. సొంతంగా రెజిమెంట్ లేపి పార్లమెంటు తరఫున దిగాడు. 1643 జూన్ 18న చాల్‌గ్రోవ్ దగ్గర గాయపడి, ఆరు రోజులకి థేమ్ అనే ఊళ్ళో చనిపోయాడు. శత్రువుల గుండు భుజానికి తగిలిందని కొందరు, సొంత పిస్టల్ చేతిలోనే పేలిందని కొందరు. అదేంటో తేల్చుదామని 1828లో సమాధి కూడా తవ్వారు, తీరా ఆ శవం ఆయనదేనా అని ఇంకో గొడవ మొదలైంది.