రొయ్యల చెరువుకు తుపాకీ సరే, శిక్షణ ఎక్కడ?

చెరువుగట్టు (మొగల్తూరు వైపు)
అందరికీ నమస్కారమండి. వనామీ రకం రొయ్యల సాగు చేస్తున్నాను, చెరువులన్నీ లీజువే. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే రోజు) దగ్గర పడిన సమయంలో అర్ధరాత్రి విసురు వలలతో దొంగలు దిగారు. కాపలా కుర్రవాడు టార్చి వేస్తే కత్తి చూపించారు. డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు పెట్టుకుందామని ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం దరఖాస్తుదారు భద్రతా శిక్షణ పొందాలి కదా. నాకు తుపాకీ పట్టుకోవడం కూడా రాదు. రెండు చోట్ల చెప్పారు. ఒకటి ఎయిర్ రైఫిల్ నేర్పే క్లబ్బు. రెండోది, రిటైరైన సైనికుడు ఒకాయన వారాంతంలో నడిపే ‘ఆత్మరక్షణ కోర్సు’. ఫీజు దీనికే ఎక్కువ. ఏది ఎంచుకోవాలి?

పాత సుబేదార్ (రాజోలు)
తమ్ముడూ, ఫీజు సంగతి తరువాత. వెళ్లి ఒక పూట కూర్చుని చూసి రా. వచ్చిన గంటలోనే తూటా పేల్పించే చోట చేరకు. మంచి శిక్షకుడు ముందు ఖాళీ తుపాకీతోనే విసుగు పుట్టిస్తాడు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే చూడాలి. కాల్చదలచుకోని దాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. గురి వెనక ఏముందో తెలియాలి. అమెరికాలో జెఫ్ కూపర్ అనే తుపాకీ శిక్షకుడు ఈ నాలుగింటినీ ఇలా కూర్చి పెట్టాడు, ఈనాటికీ శిక్షకులు వీటితోనే మొదలుపెడతారు.

పిస్తోలు ఖాళీ చేయడం ఎలా నేర్పుతున్నాడో చూడు. ముందు మ్యాగజైను (తూటాల డబ్బా) తీయాలి, తరువాత స్లైడు (పైన జరిగే భాగం) వెనక్కి లాగి ఛాంబరులోకి, అంటే పేలే తూటా కూర్చునే చోటులోకి, కంటితో చూడాలి, చీకటైతే వేలు పెట్టి తడమాలి. ఈ వరుస తిరగబడితే ఛాంబరులోని తూటా బయటకు వస్తుంది, మ్యాగజైను నుంచి ఇంకొకటి లోపలికి ఎక్కి కూర్చుంటుంది. పట్టుకున్నవాడు మాత్రం ఖాళీ అనుకుంటాడు. డబుల్ బ్యారెల్‌కు ఆ బాధ లేదు, మడత విప్పితే రెండు గొట్టాలూ కనిపిస్తాయి. ఆ విప్పడమే పది మంది ముందు పదిసార్లు చేయించని కోర్సు నీకు వద్దు.

గూడెం శాస్త్రి
అసలు విషయం ఎవరూ అడగడం లేదు. గుండు శక్తి 20 జౌళ్లకు, గొట్టం లోవెడల్పు 0.177 అంగుళాలకు మించని ఎయిర్ గన్‌కు లైసెన్సే అక్కర్లేదు. అలాంటి ఎయిర్ రైఫిల్ మీద నేర్పి ఇచ్చే ధ్రువపత్రం డబుల్ బ్యారెల్ దరఖాస్తుకు చెల్లుతుందా? నియమాలలో ఎస్-1 అని ఒక ఫారం ఉంది, శిక్షణ పూర్తయిందని ఇచ్చే ధ్రువపత్రం అదే. ఆ ఫారం ఇస్తారా ఇవ్వరా అని రెండు చోట్లా రాతపూర్వకంగా తీసుకోండి. మిగతా ఉపన్యాసాలు తరువాత.

కాకినాడ పద్మ
శాస్త్రి గారూ, ఫారం కోసమే అయితే ఏజెంటు దగ్గర కూడా దొరుకుతుంది. మా అమ్మాయి ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. పది మీటర్ల దూరాన గురిబిళ్ల మధ్య చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాన్ని కొట్టాలంటే ఊపిరి, కాళ్లు, మనసు అన్నీ అదుపులోకి రావాలి. ఆ అదుపు వచ్చిన పిల్ల చేతిలో ఏ తుపాకీ పెట్టినా నాకు భయం లేదు. రెండు రోజుల కోర్సు చేసి ‘ఆత్మరక్షణ’ అని తిరిగే మగవాళ్లను చూస్తేనే భయం.

లాకు దగ్గర
కుక్కను పెంచండి. లైసెన్సు అడగదు, రాత్రంతా మేలుకుంటుంది.

పాత సుబేదార్
పద్మమ్మా, మీ అమ్మాయికి ఎదురుగా ఉండేది కాగితం. చెరువు గట్టు మీద ఎదురయ్యేవాడు పరిగెత్తి వస్తాడు. సాల్ట్ లేక్ సిటీ పోలీసు టుల్లర్ 1983లో రాశాడు: కత్తి పట్టినవాడు 21 అడుగులు దాటి మీద పడటానికి దాదాపు ఒకటిన్నర సెకను చాలు. క్లబ్బులో ఇది నేర్పరు.

గూడెం శాస్త్రి
ఆ లెక్క ఒరలో ఉన్న పిస్తోలు తీసి కాల్చేవాడికి వేసింది. షెడ్డులో తాళం వేసి ఉన్న డబుల్ బ్యారెల్‌కు 21 అడుగులు ఎలా వర్తిస్తాయి?

పాత సుబేదార్
తాళం తీయాలంటే ఇంకా ఆలస్యం అవుతుంది కదా! నేను చెప్పేదే అది!

గూడెం శాస్త్రి
అయితే మీరు తుపాకీ వద్దంటున్నారా, కావాలంటున్నారా? 21 అడుగుల సంగతికి జవాబు చెప్పండి.

రామచంద్రపురం పెద్దాయన
లైసెన్సు వచ్చినా మీ దగ్గర ఉంటుందనుకోకండి. మా నాన్నగారి తుపాకీని ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనులో అప్పగించవలసి వచ్చేది. ఒకసారి తిరిగి ఇచ్చినప్పుడు గొట్టమంతా తుప్పు. అడిగితే ‘అలాగే తెచ్చారు’ అన్నారు. శిక్షణ నాకు కాదు, వాళ్లకు కావాలి.

ఉప్పుటేరు
ఇంతసేపు చదివాను. సుబేదార్ గారి నాలుగో సూత్రం దగ్గరే ఆగుదాం: గురి వెనక ఏముందో తెలియాలి. శిక్షణ ఇచ్చే చోట గురి వెనక మట్టి కట్ట ఉంటుంది. మన డెల్టాలో ఏముంది? కనుచూపు మేర చదును. గట్టు, నీళ్లు, ఇంకో గట్టు, దాని మీద ఇంకో కాపలా పాక. తూటా నీళ్ల మీద వాలుగా తగిలితే మునగదు, ఎగిరి పక్కకు పోతుంది. అవతల కొబ్బరి తోటలో ఇళ్లున్నాయి. ఈ నేలకు సరిపడే కోర్సు ఎవరు నేర్పుతున్నారు?

పాత సుబేదార్
అందుకే రవ్వల తూటా (లోపల చిన్న గుళ్లు ఉండేది) వాడతారు, అది దూరం పోదు. ఆయుధ చట్టమే పంట రక్షణకు లైసెన్సు ఇమ్మంటోంది, మీకేమిటి అభ్యంతరం?

ఉప్పుటేరు
చట్టం మాట ఎత్తారు కాబట్టి పూర్తిగా చెప్పండి. ఆ చట్టంలో పంట రక్షణకని మొదట రాసినది ముందు నుంచి మందు కూరే నాటు రకానికి. మందలు పడే పైరు కోసం అది. భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షను చూడండి. ఆస్తి కోసం ప్రాణం తీసే హక్కు దోపిడీకి, రాత్రి ఇల్లు పగలగొట్టడానికి, ఇంటికి నిప్పు పెట్టడానికి ఉంది. దొంగతనమైతే ప్రాణభయమో, తీవ్ర గాయం భయమో ఉండాలి. వల వేసి రొయ్యలు పట్టినవాడిని కాలిస్తే జైలుకు పోయేది మీ విద్యార్థే.

చెరువుగట్టు
కత్తి చూపించారని మొదటే రాశానండి. మీరు వల దగ్గరే ఆగిపోయారు. ఎకరానికి ఎంత అప్పు తెచ్చానో మీకు తెలుసా? దొంగల తరఫున వకాల్తా పుచ్చుకున్నారా?

ఉప్పుటేరు
పుచ్చుకున్నాననే అనుకోండి. మా బావమరిది కాలువలో చేపలకు వల వేస్తే, రొయ్యల దొంగ అని గట్టు మీది కరెంటు స్తంభానికి తెల్లవార్లూ కట్టేశారు. ఆ చెరువు యజమాని పేరు రాయను. మీ చెరువులు వచ్చాక మా పేట బోరులో నీళ్లు ఉప్పెక్కాయి, తాగడానికి డబ్బాలు కొంటున్నాం. రాత్రి గట్టు మీద నడిచేవాళ్లంతా మీకు దొంగలే. అప్పుడు కర్ర ఉంది కాబట్టి కట్టేశారు. తుపాకీ ఉంటే?

కాకినాడ పద్మ
మొదటి నుంచీ ఇదే మాట్లాడవలసింది. కోర్సు గురించి కాదు మన గొడవ.

చెరువుగట్టు
మీ బావమరిదిని కట్టేసింది నేను కాదు. మా కుర్రవాడు కూడా మీ పేటలాంటి పేట వాడే, వాడి మెడ దగ్గరే కత్తి పెట్టారు. వాడికి ఏం చెప్పమంటారు? పారిపొమ్మనా?

ఉప్పుటేరు
అవును, పారిపొమ్మనండి. రొయ్యలు పోతే మళ్లీ వేస్తారు. జీతానికి పెట్టుకున్న కుర్రవాడికి మీ అప్పును కాపాడే బాధ్యత లేదు. తుపాకీ లైసెన్సు మీ పేరు మీద, రాత్రి గట్టు మీద ఉండేది అతను. దాన్ని అతని చేతికి ఇస్తే అదే నేరం. ఈ విషయం ఏ కోర్సులో చెబుతారు?

పాత సుబేదార్
ఇది మాత్రం నిజం తమ్ముడూ. లైసెన్సులో పేరు లేనివాడు కాపలాకు పట్టుకుని తిరగడానికి వీల్లేదు. నువ్వే రాత్రి గట్టు మీద పడుకుంటావా?

చెరువుగట్టు
పంట పట్టేదాకా పడుకుంటాను. అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు. ఆ రిటైరైన సైనికుడికి ఫోను చేస్తే చదును నేల మాట ఎత్తగానే ‘మా దగ్గర మట్టి కట్ట ఉంది’ అన్నారు. క్లబ్బువాళ్లు ఫోను ఎత్తలేదు.

గూడెం శాస్త్రి
ఎస్-1 ఇస్తారా అని అడిగారా?