1877 బోట్ రేస్‌లో ‘సమానం’ అన్న తీర్పు న్యాయమైనదేనా?

ప్రశ్న:
1829లో థేమ్స్ నదిపై హెన్లీ వద్ద మొదలైన ఆక్స్‌ఫర్డ్–కేంబ్రిడ్జ్ బోట్ రేస్ (ఆ రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థుల ఎనిమిది తెడ్ల పడవల పందెం) చరిత్రలో గెలుపోటములు తేలకుండా ముగిసిన పోటీ 1877 నాటిది ఒక్కటే. 24 నిమిషాల 8 సెకన్లకు రెండు పడవలూ సమానంగా చేరాయని ముగింపు వద్ద న్యాయనిర్ణేత జాన్ ఫెల్ప్స్ తీర్పు చెప్పారు. ఆ సమయానికి ఆయన తాగి పొద కింద నిద్రపోతున్నారన్న కథ నిజమైతే, ఆ గెలుపు ఆక్స్‌ఫర్డ్‌ది కాదా?

మొదటి సమాధానం:
ఆక్స్‌ఫర్డ్‌దేనని నా నమ్మకం. ముక్కువైపు కూర్చున్న విద్యార్థి తెడ్డు దెబ్బతిని పనికిరాకుండా పోయినా, మిగిలిన ఏడు తెడ్లతోనే వారు చివరిదాకా నిలిచారు. కొన్ని అడుగులు తామే ముందున్నామని వారు గట్టిగా భావించారు.

రెండవ సమాధానం:
మిత్రులారా, న్యాయనిర్ణేత నిద్రపోయారని అనుకున్నా, అంతమాత్రాన ఆక్స్‌ఫర్డ్ గెలిచినట్టు ఎలా అవుతుంది? అప్పట్లో పందెం ముగిసే చోటైన లండన్‌లోని మోర్ట్‌లేక్ వద్ద ముగింపును చూపే స్తంభాలే లేవు. వాటిని ఆ వివాదం తరువాతే నాటారు. ప్రతి తెడ్డు వేటుకూ పడవ వేగం ఒకసారి పెరిగి, ఒకసారి తగ్గుతుంది కాబట్టి, రెండు జట్ల వేటు ఒకేసారి పడనప్పుడు ఏ ముక్కు ముందున్నదనేది క్షణక్షణానికీ మారుతుంది. వెనుక స్టీమర్లలో వస్తున్న విలేఖరులకు అది ఎలా తెలుస్తుంది? 2003లో ఆక్స్‌ఫర్డ్ ఒక్క అడుగు తేడాతో గెలిచిందని చెప్పగలిగింది గురిపెట్టి చూడడానికి గీత ఉన్నందువల్లనే.

ఇక తాగుబోతు కథ నాకు బాధ కలిగిస్తుంది. ఫెల్ప్స్ థేమ్స్ మీద పడవ నడిపి బతికిన మనిషి. అటువంటి సరంగుల మధ్య డాగెట్ పోటీ అనే పడవ పందెం 1715 నుంచే, అంటే విద్యార్థుల పందేనికి నూరేళ్ళకు పైగా ముందునుంచే, జరుగుతూ వచ్చింది. అయినా 1879లో హెన్లీ పడవ పోటీల నిర్వాహకులు చేతిపనివారినీ కూలీలనూ అమెచ్యూర్ల (డబ్బు కోసం కాక ఇష్టంతో ఆడేవారి) లెక్కలోంచి తప్పిస్తూ నియమం రాశారు. నది నాడి తెలిసిన పనివాడి మాట కంటే గెలవలేదని ఒప్పుకోలేని పెద్దింటి పిల్లల మాటకే విలువ ఇచ్చిన కాలమది. ఆ కథ అంత సులభంగా నిలిచిపోవడానికి కారణం అదేనని నేను అనుకుంటున్నాను.

మొదటి సమాధానమిచ్చిన సభ్యుడు:
స్తంభాల సంగతి నేను ఆలోచించలేదు; నిద్ర కథను ఇకపై సాక్ష్యంగా వాడను. కానీ ఏడు తెడ్లతో ఎనిమిదింటికి సమంగా వచ్చిన జట్టే ఆనాటి మెరుగైన జట్టన్న మాటను మాత్రం వదులుకోలేను.